ధూళి వన్నె నుంచి పొడల వస్త్రం దాకా

1758 డిసెంబరులో పిఠాపురానికి చేరువలోని చందుర్తి గ్రామం వద్ద ఇంగ్లీషు, ఫ్రెంచి సేనల మధ్య జరిగిన యుద్ధం ఉత్తర సర్కారుల భవితవ్యాన్ని నిర్ణయించిందని మన చరిత్ర గ్రంథాలన్నీ చెబుతున్నాయి. విజయనగర సంస్థానాధీశుడు ఆనందగజపతిరాజు మద్దతుతో బెంగాలు నుంచి వచ్చిన కల్నల్ ఫోర్డు ఒక పక్షాన, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ మరొక పక్షాన నిలిచారు. ఈ యుద్ధంలోని ఒక చిన్న ఘట్టం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఫోర్డు వెంట వచ్చిన బెంగాలు సిపాయిలు ఐరోపా సైనికుల మాదిరిగా ఎర్రకోట్లు ధరించి ఉన్నారు. ఎర్రకోటు తొడిగిన దేశీయ సిపాయిలను చూసే అలవాటు ఫ్రెంచివారికి లేదు. ఎదుట కనిపించిన ఎర్రని వరుసను చూసి అదే ఆంగ్లేయ పటాలమని భావించి వారు తమ బలాన్నంతా దాని మీద కేంద్రీకరించారు. అసలు ఆంగ్లేయ పటాలం అప్పుడు నిలువెత్తు పెరిగిన చేను చాటున ఉంది. శత్రువు పొరపాటును గ్రహించిన ఫోర్డు అది తొలగిపోకుండా సిపాయిల చేతుల్లోని చిన్న జెండాలను చుట్టివేయించాడు. సిపాయిల వరుస దెబ్బతిని చెదిరిపోతున్న తరుణంలో చేను చాటున ఉన్న పటాలం వెలుపలికి వచ్చి, ముందుకు చొచ్చుకువచ్చిన ఫ్రెంచి దళంపై గుళ్ళ వర్షం కురిపించింది. దానితో యుద్ధఫలితం తేలిపోయింది.

సైనిక వస్త్రధారణ చరిత్రలోని రెండు మూలసూత్రాలూ ఈ ఒక్క ఘట్టంలో ఇమిడి ఉన్నాయి. ఒకటి, కనబడటం. రెండవది, కనబడకపోవడం. ఆ నాడు కనబడిన రంగు సిపాయిల వంటి మీద ఉంది. కనబడకుండా కాపాడే చాటు ఆంగ్లేయుల పాలయింది. ఈనాడు ప్రపంచంలోని దాదాపు ప్రతి సైన్యమూ ధరిస్తున్న పొడల దుస్తులు ఆ చేను చాటునే సైనికుని వంటి మీదకు తెచ్చే ప్రయత్నమని చెప్పవచ్చు. ఆ ప్రయత్నం ఫలించడానికి రెండు శతాబ్దాలకు పైగా పట్టింది. దానిలో తొలి అడుగు మన ఉపఖండంలోనే పడింది. అయితే ప్రతి మార్పుకూ ముందు, పాత దుస్తుల్లో ప్రాణాలు విడిచినవారి సంఖ్య పెరగవలసి వచ్చిందన్నది ఈ చరిత్ర మనకు పదేపదే చెప్పే సత్యం.

తిలంగాలు, ఎర్రకోటు

పద్ధెనిమిదవ శతాబ్దంలో ఉత్తర హిందూస్థానంలో కంపెనీ సిపాయిలకు 'తిలంగాలు' అనే పేరు వాడుకలో ఉండేది. మద్రాసు నుంచి బెంగాలుకు తరలిన తొలి సిపాయి దళాలలో తెలుగు దేశపు వారు ఉండటం చేత ఈ పేరు వచ్చింది. కాలక్రమాన అది ఒక జాతి పేరుగా గాక, ఐరోపా పద్ధతిలో కవాతు నేర్చి, ఐరోపా తరహా దుస్తులు ధరించిన సైనికుని పేరుగా స్థిరపడింది. 1857లో ఢిల్లీ నగరవాసులు తిరుగుబాటు సిపాయిలను సైతం తిలంగాలనే వ్యవహరించారు. ఆ విధంగా తెలుగువారి పేరు దేశంలో ఒక యూనిఫారానికి పర్యాయపదమైంది.

క్లైవు 1757లో బెంగాలులో సమకూర్చిన సిపాయి పటాలానికి ప్రజలు పెట్టిన పేరు 'లాల్ పల్టన్'. అంత కొట్టవచ్చినట్టు కనబడే రంగును యుద్ధభూమిలో ధరించడం ఈనాడు మనకు అవివేకంగా తోచవచ్చు. కాని ఆ కాలపు యుద్ధరీతికి అది తగినదే. నల్లమందుతో పేలే తుపాకులు రెండు మూడు సార్లు కాల్చగానే రణరంగమంతా దట్టమైన పొగతో నిండిపోయేది. ఆ తుపాకుల గురి నూరు గజాలు దాటితే నమ్మదగినది కాదు. అందుచేత సైనికులు భుజం భుజం కలిపి వరుసలుగా నిలిచి ఒక్కమారుగా కాల్చేవారు. పొగలో తనవారెవరో, పరాయివారెవరో గుర్తించడం, దూరం నుంచి సేనాని తన దళాల స్థానాన్ని కనిపెట్టడం మరుగున ఉండటం కన్నా ముఖ్యమైన అవసరాలుగా ఉండేవి. పైగా మెరిసే గుండీలు, పొడవైన టోపీలు, ముదురు రంగులు శత్రువు గుండెలో భయాన్నీ, ధరించినవాని మనసులో గర్వాన్నీ కలిగిస్తాయన్న నమ్మకం ఉండేది. యూనిఫారం రాజ్యాధికారానికి చిహ్నమే గాని సైనికుని రక్షణ సాధనం కాదు.

ఆ చిహ్నం ఎంత బరువైనదో మద్రాసు సైన్యానికి తెలుసు. కొత్త తలపాగా, గడ్డం, నొసటి బొట్టు విషయంలో జారీ చేసిన ఉత్తర్వులు 1806 జూలైలో వేలూరు కోటలో రక్తపాతానికి దారితీసిన కారణాలలో ముఖ్యమైనవి. ఏమి ధరించాలో సిపాయికి చెప్పినవారు అతని మాట వినలేదు.

అయినా ఎరుపు పెత్తనానికి ఆ రోజులలోనే కొన్ని మినహాయింపులు లేకపోలేదు. జర్మన్ రాజ్యాలలో వేటగాళ్ళ నుంచి ఎంపిక చేసిన 'యేగర్' దళాలు ఆకుపచ్చ దుస్తులు ధరించేవి. ఆ ఒరవడిలోనే బ్రిటిషు రైఫిల్ దళాలు 1800 నుంచి ముదురు ఆకుపచ్చను స్వీకరించాయి. మన దేశంలో గూర్ఖా దళాలు సైతం ఆ రంగునే ఎంచుకున్నాయి. వరుసలో గాక విడివిడిగా, చెట్టు చాటునో బండ చాటునో ఉండి గురి చూసి కాల్చే సైనికునికి వేటగాని నీతే శరణ్యం. అడవి రంగును ధరించినవాడే అడవిలో వేటాడగలడని పల్లెల్లోని వేటగానికి ఎవరూ చెప్పనవసరం లేదు. సైన్యాలకు మాత్రం ఆ సంగతి తెలిసి రావడానికి చాలా కాలం పట్టింది.

పెషావరులో పుట్టిన రంగు

పారశీకంలో 'ఖాక్' అంటే ధూళి, మట్టి. దాని నుంచి వచ్చిన ఉర్దూ పదం ఖాకీ. ఈ పదం, దాని వెనుక ఉన్న ఆలోచన ఉపఖండపు వాయవ్య సరిహద్దులో కలుసుకున్నాయి. 1846 డిసెంబరులో హెన్రీ లారెన్స్ ఆదేశం మేరకు హ్యారీ లమ్స్‌డెన్ అనే యువ అధికారి పెషావరులో 'కోర్ ఆఫ్ గైడ్స్' అనే దళాన్ని సమకూర్చాడు. దారి చూపడం, వేగు తేవడం, అవసరమైనపుడు పోరాడటం ఈ దళం పనులు. కొండలూ గుట్టలూ తప్ప పచ్చదనం లేని ఆ ప్రాంతంలో ఎర్రకోటు ధరించినవాడు ఎంత దూరం నుంచైనా పఠాను తుపాకికి గురి కాక తప్పదు. అందుచేత లమ్స్‌డెన్ తన మనుషులకు నేల రంగు దుస్తులు నిర్ణయించాడు. లాహోరు బజారులో కొన్న తెల్లని నూలుబట్టను ఏటి ఒడ్డుకు చేర్చి, నీటిలో నానబెట్టి, మట్టి పులిమి ఆరబెట్టించాడని ప్రసిద్ధమైన కథ ఒకటి ఉంది. అతని సహచరుడు హాడ్సన్ 1848లో ఇంగ్లండులోని సోదరునికి లేఖ రాసి, దళానికి కావలసిన బట్టను తెప్పించే ఏర్పాటు చేశాడు. ధూళి నిండిన నేల మీద తమ మనుషులు కంటికి ఆనకూడదన్నదే తన ఉద్దేశమని ఆ లేఖలో స్పష్టం చేశాడు. సైనిక వస్త్రం లక్ష్యం కనబడకపోవడమేనని తొలిసారిగా ఇంత నిర్మొగమాటంగా చెప్పిన పత్రాలలో అది ఒకటి.

1857 వేసవిలో ఈ రంగు సరిహద్దు దాటి మైదానాలకు దిగింది. ఎండకు తాళలేక ఎర్రని ఉన్నికోట్లు విప్పివేసిన బ్రిటిషు సైనికులు తమ తెల్లని నూలు దుస్తులను మట్టి, తేనీరు, కాఫీ, మసాలా పొడి వంటివాటితో ఎవరికి తోచినట్టు వారు అద్దుకున్నారు. ఒకే దళంలో బూడిద వన్నె, ఊదా వన్నె, మట్టి వన్నె కలగలిసి కనిపించేవి. అల్లకల్లోలం చల్లారిన తరువాత చాలా దళాలు తిరిగి ఎరుపు, తెలుపులకే మరలాయి. కవాతు మైదానంలో మాసిన బట్టలా కనిపించే ఈ రంగు పై అధికారులకు రుచించలేదు. 1878-80 నాటి రెండవ ఆఫ్ఘను యుద్ధంలో మళ్ళీ అవసరం ముంచుకు వచ్చినపుడు మళ్ళీ బట్టలను ఖాకీకి మార్చుకోవలసి వచ్చింది.

రంగు నిలవకపోవడం మరొక పెద్ద చిక్కు. రెండు ఉతుకులకు వెలిసిపోయే బట్టను యూనిఫారంగా నిర్ణయించడం సాధ్యం కాదు. ఈ సమస్యకు పరిష్కారాలు అనేక చోట్ల వెదికారు. 1850లలో మంగుళూరులోని బాసెల్ మిషన్ నేతశాలలో హాలర్ అనే నేతనిపుణుడు ఖాకీ అద్దకాన్ని రూపొందించాడన్న కథనం కన్నడ తీరంలో ఈనాటికీ వినిపిస్తుంది. 1884లో ఇంగ్లండులోని లాంకషైరుకు చెందిన గాటీ అనే అద్దకందారు, ఇనుము, క్రోమియం లవణాలతో ఉతికినా ఎండకాచినా చెదరని ఖాకీకి పేటెంటు పొందాడు. ఆ పిదపనే ఖాకీ భారత సైన్యంలో స్థిరంగా పాదుకొన్నది. 1890ల చివరికి సముద్రాంతర సేవలో ఉన్న బ్రిటిషు సైన్యమంతటికీ ఖాకీ విధిగా మారింది. 1902లో స్వదేశంలోని దళాలకు సైతం అదే వన్నెకు చెందిన దుస్తులు నిర్ణయించారు. బ్రిటిషు సేన చివరిసారిగా ఎర్రకోట్లతో పోరాడినది 1885 డిసెంబరు 30న, సూడానులోని గిన్నిస్ వద్ద. పెషావరు ధూళి నుంచి లండను దాకా ప్రయాణించడానికి ఒక రంగుకు అర్ధ శతాబ్దానికి పైగా పట్టిందన్నమాట.

పొగ తొలగిన యుద్ధం

ఈ మార్పును అనివార్యం చేసినది రసాయనశాస్త్రం. 1884లో పాల్ వియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పొగరాని తుపాకిమందును కనిపెట్టాడు. 1886లో ఫ్రాన్సు ఆ మందుతో పనిచేసే లెబెల్ రైఫిలును ప్రవేశపెట్టింది. అప్పటి నుంచి కాల్చినవాని ఉనికి పొగ చేత బయటపడటం లేదు. గుండు దూరం అనేక రెట్లు పెరిగింది. పొగతెర మాయమైన రణరంగంలో రంగు బట్టలవాడు ఎండలో నిలబెట్టిన దిష్టిబొమ్మే. 1899-1902 మధ్య దక్షిణాఫ్రికాలో మామూలు రైతు దుస్తులతో బండల చాటున పొంచి కాల్చిన బోయర్లు బ్రిటిషు సేనకు ఈ పాఠాన్ని మరింత గట్టిగా నేర్పారు. మెరిసే గుండీలకు, ఖడ్గాలకు సైతం మట్టి రంగు పూసుకోవలసి వచ్చింది.

పొగరాని మందును కనిపెట్టిన ఫ్రాన్సే ఈ పాఠాన్ని అందరికన్నా ఆలస్యంగా నేర్చుకోవడం చరిత్రలోని వైచిత్రి. ఫ్రెంచి పదాతి సైనికుల ఎర్ర పంట్లాము ఆ జాతి ఆత్మగౌరవానికి గుర్తుగా ఉండేది. దానిని మార్చాలన్న ప్రతిపాదనలు అనేకసార్లు వచ్చినా, ఎర్ర పంట్లామంటే ఫ్రాన్సేనని పార్లమెంటులో ఆవేశంగా వాదించినవారి మాటే నెగ్గింది. కొత్త బట్టకు 1914 జూలైలో అనుమతి లభించింది. ఆగస్టులో యుద్ధం మొదలైంది. ఎర్ర పంట్లాములతోనే సైన్యం సరిహద్దుకు కదిలింది. ఆగస్టు 22వ తేదీ ఒక్కనాడే సుమారు 27,000 మంది ఫ్రెంచి సైనికులు మరణించారు. ఆ మరణాలన్నిటికీ బట్ట రంగే కారణమనడం సరికాదు. మరతుపాకులు, ఫిరంగులు, ఎదురెదురుగా దూసుకుపోవాలన్న యుద్ధనీతి ప్రధాన కారణాలు. కాని ఆ యుద్ధనీతి, ఆ పంట్లాము ఒకే మనస్తత్వానికి చెందినవని మాత్రం చెప్పక తప్పదు. 1915 నాటికి ఫ్రెంచి సైనికుడు లేత నీలపు దుస్తుల్లోకి మారాడు.

కుంచె పట్టిన సైనికులు

అదే ఫ్రాన్సు ఆ తరువాత ప్రపంచానికి 'కామోఫ్లాజ్' అనే మాటనూ, దాని వెనుక ఉన్న కళనూ ఇచ్చింది. ఫిరంగి దళంలో పనిచేస్తున్న గిరాన్ ద సెవోలా అనే చిత్రకారుడు విమానం నుంచి చూసేవాని కంటికి ఫిరంగి ఎలా కనిపిస్తుందో ఆలోచించి, దాని మీద చెట్టూ నేలా రంగులు గల తెరలు కప్పాడు. 1915లో అతని నాయకత్వాన చిత్రకారులు, శిల్పులు, రంగస్థల అలంకరణ నిపుణులతో ప్రత్యేక విభాగం ఏర్పడింది. వారి చిహ్నం ఊసరవెల్లి. వస్తువు ఆకారాన్ని ముక్కలుగా విడగొట్టి చూపే క్యూబిస్టు చిత్రకళకు, ఫిరంగి ఆకారాన్ని కంటికి అందకుండా చెదరగొట్టే ఈ పనికి ఉన్న చుట్టరికాన్ని ఆనాటివారే గుర్తించారు. బ్రిటిషు పక్షాన సాలమన్ జె. సాలమన్ అనే చిత్రకారుడు, మోడువారిన చెట్టును రాత్రికి రాత్రి తొలగించి దాని స్థానంలో అచ్చం అలాంటిదే ఉక్కుతో చేసిన బోలుచెట్టును నిలిపి, లోపలి నుంచి శత్రువును గమనించే ఏర్పాటు చేశాడు.

చిత్రకారులకు దారి చూపినది ప్రకృతి. అమెరికా చిత్రకారుడు ఆబట్ థేయర్ 1896లో ఒక సూత్రాన్ని వివరించాడు. జంతువుల వీపు ముదురుగా, కడుపు లేతగా ఉండటం చేత పైనుంచి పడే వెలుగూ కింది నీడా ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి; గుండ్రని దేహం చదునుగా తోచి నేపథ్యంలో కలిసిపోతుంది. మన దుప్పిని, కృష్ణజింకను చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. రెండవ సూత్రం రేఖాభంగం. చిరుతపులి పొడలు, పెద్దపులి చారలు చేసే పని రంగు కలపడం మాత్రమే కాదు. దేహపు అంచులను తెగ్గొట్టి, ఇది ఫలానా జంతువు అని కంటికి తోచకుండా చేయడం. పులి నారింజ వన్నె మన కంటికి కొట్టవచ్చినట్టు కనిపించినా, ఎరుపు, ఆకుపచ్చల భేదం సరిగా తెలియని దుప్పి కంటికి అది ఆకుల రంగులోనే కలిసిపోతుంది. దీనిని బట్టి మరుగు అనేది వస్త్రంలో మాత్రమే లేదని, చూసేవాని కంటిలో కూడా ఉందని తెలుస్తున్నది. బ్రిటిషు జంతుశాస్త్రజ్ఞుడు హ్యూ కాట్ 1940లో ఈ సూత్రాలన్నిటినీ సమగ్రమైన గ్రంథంగా వెలువరించి, యుద్ధకాలంలో సైనికులకు స్వయంగా బోధించాడు.

పొడల వస్త్రం

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగులకు, వాహనాలకు, ఓడలకు పొడలు వేశారు గాని సాధారణ సైనికుని బట్ట ఏకవర్ణంగానే ఉండిపోయింది. పొంచి కాల్చేవారికి మాత్రమే చేతితో రంగులు పూసిన అంగీలు దక్కాయి. లక్షల మందికి సరిపడా పొడల బట్టను యంత్రాల మీద అచ్చువేయడం తరువాతి దశ. 1929లో ఇటలీ తన సైన్యానికి అటువంటి బట్టను తొలిసారిగా తయారుచేసింది. విశేషమేమంటే అది దుస్తుల కోసం కాదు, డేరాల కోసం. వాన వస్తే కప్పుకొనే ఆ డేరాగుడ్డ నుంచే అంగీలు పుట్టాయి. 1931లో జర్మనీ కోసుగా విరిగిన గాజుముక్కలను తలపించే నమూనాను డేరాగుడ్డ మీదే అచ్చువేసింది. ఆ తరువాత యోహాన్ గియార్గ్ ఒట్టో షిక్ చెట్ల ఆకుల మధ్య నుంచి నేల మీద పడే వెలుగునీడలను పరిశీలించి కొత్త నమూనాలు గీశాడు. ఒక వైపు వసంతపు పచ్చదనం, తిరగవేస్తే శిశిరపు గోధుమవన్నె కలిగిన అంగీలు నాజీల సాయుధ దళాల వంటి మీద కనిపించసాగాయి. ఒక దుర్మార్గపు వ్యవస్థ సేవలో ఈ విద్య ఇంత పరిణతి పొందిందన్నది మరువరాని విషయం.

అమెరికా పొడల దుస్తులు 1942లో వచ్చాయి. వాటి రూపకర్త నార్వెల్ గిలెస్పీ తోటల పెంపకం నిపుణుడు. పసిఫిక్ ద్వీపాల అడవుల్లో మెరైన్ సైనికులకు అవి ఉపకరించాయి. 1944లో ఫ్రాన్సులోని నార్మండీలో కొన్ని దళాలకు అవే ఇచ్చినపుడు, పొడల దుస్తులంటే జర్మనులవేనని అలవాటుపడిన తోటి సైనికులు వారిని శత్రువులుగా పొరబడ్డారు. ఆ దుస్తులను అక్కడ ఉపసంహరించవలసి వచ్చింది. చందుర్తిలో ఫ్రెంచివారు పడిన పొరపాటు ఇక్కడ మరొక రూపంలో ఎదురైంది.

ఇదే కాలంలో మన సరిహద్దుల్లో ఖాకీకి కాలం చెల్లింది. 1942లో బర్మా నుంచి వెనుదిరిగిన సేనలు ధరించినది ఖాకీయే. వాయవ్య సరిహద్దు ధూళి కోసం పుట్టిన రంగు బర్మా అడవుల పచ్చదనంలో దాచడానికి బదులు పట్టి ఇచ్చింది. తరువాత పద్నాలుగవ సైన్యం, అందులోని భారతీయ దళాలు అడవిపచ్చ దుస్తులతో యుద్ధం కొనసాగించాయి. స్వాతంత్ర్యానంతరం భారత సైన్యానికి గుర్తుగా నిలిచిన ఆలివ్ పచ్చకు మూలం ఆ అనుభవమే. ఏ రంగూ స్వతహాగా మరుగు కాదు. ఏ నేల మీద నిలిచామన్నదే ప్రశ్న.

చతురస్రాలు, అదృశ్య కిరణాలు

1948లో అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ పరిశోధనశాల రూపొందించిన ఆకుల నమూనా దాదాపు ఇరవై ఏళ్ళు బీరువాలోనే ఉండి, 1967లో వియత్నాం అడవుల్లో వాడుకలోకి వచ్చింది. దానిని పెద్దది చేసి తయారుచేసిన 'వుడ్‌లాండ్' నమూనా 1981 నుంచి ఆ సైన్యమంతటికీ దుస్తులయింది. పెద్ద పొడలు దూరం నుంచి చూసేవానికి ఆకారాన్ని చెదరగొడతాయి. దగ్గరకు వస్తే అవే పెద్ద మచ్చలుగా కంటపడతాయి. చిన్న చుక్కలు దగ్గర నుంచి ఆకులలో కలుస్తాయి. దూరం నుంచి అన్నీ కలిసి ఒకే రంగు ముద్దగా మారతాయి. రెండింటినీ ఒకే బట్టలో కలపడం ఎలా? 1976లో తిమొతీ ఓనీల్ అనే అమెరికా సైనికాధికారి పెద్ద పొడలను చిన్న చిన్న చతురస్రాలతో నిర్మించి ఒక వాహనం మీద వేసి పరీక్షించాడు. కంప్యూటరు తెర మీది చుక్కలను తలపించే ఈ పద్ధతిని 1990ల చివరిలో కెనడా, 2002లో అమెరికా మెరైన్ దళం స్వీకరించాయి. చతురస్రాలలో మహిమ ఏమీ లేదు; పెద్దదానిలో చిన్నదాన్ని పొదగడంలోనే కిటుకు ఉంది.

మరొక పోరాటం కంటికి కనబడని వెలుగులో సాగుతున్నది. పచ్చని ఆకులు పరారుణ కిరణాలను బలంగా ప్రతిఫలిస్తాయి. మామూలు ఆకుపచ్చ అద్దకానికి ఆ గుణం ఉండదు. రాత్రివేళ చూపు పరికరంలో ఆకులు తెల్లగానూ, పచ్చబట్ట కట్టినవాడు నల్లని నీడగానూ కనిపిస్తారు. అందుచేత నేటి సైనిక వస్త్రాలకు వాడే రంగులను పరారుణంలోనూ ఆకులను పోలి ఉండేటట్టు తయారుచేస్తున్నారు.

విజ్ఞానం ఇంత పెరిగినా పొరపాట్లు తగ్గలేదు. అమెరికా సైన్యం 2004లో అడవికీ, ఎడారికీ, నగరానికీ ఒకే నమూనా సరిపోవాలని లేత బూడిద వన్నె చతురస్రాల దుస్తులను ప్రకటించింది. క్షేత్రంలో తగిన పరీక్షలు జరపకుండానే తీసుకున్న నిర్ణయమది. అన్ని చోట్లకూ పనికిరావలసిన ఆ బట్ట ఎక్కడా సరిగా కలవలేదు. ఆఫ్ఘనిస్థానులో ఉన్న సైనికులకు 2010లో వేరే నమూనా ఇవ్వవలసి వచ్చింది; 2015 నుంచి సైన్యమంతటికీ కొత్త దుస్తులు ప్రవేశపెట్టారు. 1914 నాటి ఫ్రాన్సును గౌరవభావం అంధత్వంలోకి నెట్టింది. ఈసారి ఆ పని చేసినది ఏకరూపత మీద వ్యామోహం.

మన దేశంలో 2022 జనవరి 15న, సైనిక దినోత్సవం నాడు ఢిల్లీలో జరిగిన కవాతులో పారాచూట్ రెజిమెంటు కమాండోలు కొత్త పోరాట దుస్తులతో నడిచారు. చతురస్రాలతో కూడిన ఆ నమూనాను భిన్న భౌగోళిక పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ సహకారంతో రూపొందించారు. బట్ట తేలికగా ఉండి, చెమట త్వరగా ఆరేటట్టు చూశారు. అదే సంవత్సరం ఆ నమూనాపై మేధాసంపత్తి హక్కును సైన్యం నమోదు చేయించుకున్నది. సైనికుని వేషం ధరించి సైనికుడని నమ్మించడాన్ని భారతీయ న్యాయసంహిత నేరంగా పరిగణిస్తుంది. బజారులో ఎవరైనా కొనగలిగే పొడల బట్ట దేశ భద్రతకే ప్రమాదమన్న సంగతిని మన నగరాలు, శిబిరాలు చవిచూసిన దాడులు నిరూపించాయి. దాక్కోవడానికి పుట్టిన వస్త్రాన్ని నమ్మదగిన గుర్తుగా కాపాడుకోవలసి రావడం గమనార్హం.

అంతర్జాతీయ న్యాయం కోరేదీ ఇదే. 1899, 1907 సంవత్సరాల హేగ్ నిబంధనలు స్వచ్ఛంద దళాలవారికి దూరం నుంచి గుర్తించదగిన స్థిరమైన చిహ్నం ఉండాలని నిర్దేశించాయి. నేలలోనూ ఆకులలోనూ కలిసిపోయే హక్కు సైనికునికి ఉంది. సామాన్య ప్రజలలో కలిసిపోయి వారిని తన కవచంగా మార్చుకునే హక్కు లేదు. కనబడటానికీ, కనబడకపోవడానికీ మధ్య నాగరికత గీసిన గీత ఇది. ఆ గీత చెరిగినచోట మొదట బలి అయ్యేది ఆయుధం లేనివాడే.

ఇక ఖాకీ సంగతి. సైన్యం విడిచిపెట్టిన ఆ రంగును పోలీసు శాఖ నిలుపుకొన్నది. తెలుగువారి వాడుకలో ఈనాడు ఖాకీ అంటే పోలీసు. వీధి మలుపులో ఆ రంగు కనబడగానే అల్లరి మూక సద్దుమణుగుతుంది, ఆపదలో ఉన్నవాడు ఊపిరి పీల్చుకుంటాడు, కొన్ని సందర్భాలలో నిరపరాధి సైతం జంకుతాడు. కనబడకుండా ఉండటానికి పెషావరు ధూళిలో పుట్టిన రంగు, మన సమాజంలో అన్నిటికన్నా ముందుగా కంటపడే రంగుగా మారింది. రంగుకు అర్థాన్ని ఇచ్చేది అద్దకందారు కాడు, దానిని ధరించినవారి నడవడి.

చందుర్తి పొలాల్లో ఎర్రకోటు కారణంగా దెబ్బతిన్న సిపాయిల పేర్లు మనకు తెలియవు. ఆ కోటు రంగును వారు ఎంచుకోలేదు. 1914లో ఎర్ర పంట్లాముతో మరణించిన ఫ్రెంచి రైతుబిడ్డ కూడా దానిని ఎంచుకోలేదు. యూనిఫారాన్ని నిర్ణయించేవారు ఒకచోట, దానిని ధరించి గుండుకు ఎదురు నిలిచేవారు మరొకచోట ఉండటమే ఈ చరిత్ర పొడుగునా కనిపించే విషాదం. పెషావరులో లమ్స్‌డెన్ చేసిన పనిలో విశేషం మట్టి పూయడం కాదు. బట్ట ఎలా ఉండాలో తన మనుషులు తిరుగాడే నేలను చూసి నిర్ణయించడం. కార్యాలయంలో బల్ల మీద పరచిన నమూనాపై సంతకం చేసే ప్రతి అధికారీ ఆ బట్ట రేపు ఏ నేల మీద, ఎవరి వంటి మీద ఉండబోతున్నదో ఒక్క క్షణం తలచుకొంటే, ఇప్పటికి జరిగిన ఆలస్యాలలో కొన్నయినా మళ్ళీ జరగకుండా ఉంటాయి.